"ఎలా ఉన్నావ్" అంటే "బరూఖ్ హషేమ్": ఈ అమ్మాయిలు నిజంగా తృప్తిగానే ఉన్నారా?

తణుకు_లలిత · ఆదివారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. నేను ఇజ్రాయెల్‌లో, పెతాహ్ తిక్వాలో కేర్‌గివర్‌గా చేస్తున్నాను. వచ్చి ఆరేళ్ళయింది. నేను చూసుకునే మామ్మగారికి 89 ఏళ్ళు. ఇక్కడ అందరూ సవ్తా అంటారు గానీ నా నోటికి మామ్మగారనే వస్తుంది. ఆవిడ కూడా అలవాటు పడిపోయి, "మమ్మగరు టీ తాగుతుంది" అని తన గురించి తనే చెప్పుకుంటుంది.

వీళ్ళు భక్తి బాగా ఉన్న యూదు కుటుంబం. నల్లకోటు వాళ్ళు (హరేదీలు, అందరికంటే కఠినంగా మతం పాటించేవాళ్ళు) కాదు, అల్లిక టోపీ వాళ్ళు (మతం పాటిస్తూనే ఉద్యోగాలు, సైన్యం అన్నిట్లో కలిసేవాళ్ళు). ఇద్దరు మనవరాళ్ళు తరచూ వస్తారు. చిన్నదానికి 19. సైన్యానికి బదులు షిరూత్ లేఉమి అని జాతీయ సేవ చేస్తోంది, ఉత్తరాన ఒక ఆసుపత్రిలో పిల్లల వార్డులో. పెద్దదానికి 27. ఫిజియోథెరపిస్టు. యెరూషలేములో ముగ్గురు స్నేహితురాళ్ళతో అద్దెకుంటుంది. పెళ్ళి కాలేదు.

మొన్న శుక్రవారం సంగతి. మూడింటికి ప్లాటా (వేడి పలక, దాని మీదే శనివారం దాకా వంటలన్నీ వెచ్చగా ఉంటాయి) ఆన్ చేసి గిన్నెలు సర్దుతున్నాను. చిన్నది ఖాలా రొట్టె పిండిని జడ అల్లినట్టు అల్లుతోంది. పెద్దది బ్యాగుతో వచ్చింది. "మా ష్లోమేఖ్?" అంటే ఎలా ఉన్నావని అడిగాను. "బరూఖ్ హషేమ్" అంది. దేవుడి దయ అన్నట్టు. చిన్నదాన్ని అడిగితే అదీ "బరూఖ్ హషేమ్" అంది. మాట ఒకటే, పలికిన తీరు ఒకటి కాదు. చిన్నది పిండి మీంచి తల ఎత్తకుండా పాట పాడినట్టు అంది. పెద్దది చెప్పులు విప్పుతూ, తలుపు మూసినట్టు అంది.

షబ్బాత్ (శుక్రవారం సాయంత్రం నుంచి శనివారం రాత్రి దాకా ఏ పనీ చేయని విశ్రాంతి రోజు) కొవ్వొత్తులు వెలిగించాక ఫోన్లన్నీ సొరుగులో పడేశారు. ఇక శనివారం రాత్రి దాకా తీయరు. భీమవరం హాస్టల్లో ఉన్న మా అమ్మాయికి 20 ఏళ్ళు. ఆ రాత్రి నేను నా గదిలోకెళ్ళి ఫోన్ చేస్తే మొదటి మాట "బోర్ కొడుతోంది మమ్మీ". అప్పటినుంచీ మనసులో తిరుగుతోంది. ఈ పిల్లలకి నిజంగానే తృప్తి ఎక్కువా? లేక ఆ రెండు మాటల వెనక ఏముందో మనకి కనబడదా? తెలిసినవాళ్ళు చెప్పండి.

కరీంనగర్_మల్లేశ్ · ఆదివారం, రాత్రి 10:15

లలితక్కా, నేను హరేదీలు ఎక్కువగా ఉండే బ్నెయ్ బ్రాక్ ఊళ్ళో నాలుగేళ్ళు ఒక పెద్దాయన దగ్గర చేశాను. మీరు చూస్తున్నది ఒక లోకం, నేను చూసింది ఇంకోటి. రెండింటినీ కలిపితే లెక్క తప్పుతుంది. హరేదీ ఇళ్ళల్లో అమ్మాయి బెయిత్ యాకోవ్ అనే ఆడపిల్లల మతబడి, ఆ తర్వాత సెమినార్ అని టీచర్ ట్రైనింగ్ లాంటిది. ఇరవై నిండేసరికి షిద్దుఖ్, అంటే సంబంధాలు. మధ్యవర్తి ఉంటాడు, అటువాళ్ళ గురించి ఇటువాళ్ళు ఫోన్ల మీద ఫోన్లు చేసి వాకబు చేస్తారు, అచ్చం మన పెళ్ళిళ్ళ పేరయ్యలే. ఆ తర్వాత హోటల్ లాబీలో కూర్చుని చెరో జ్యూసు తెప్పించుకుని మాట్లాడుకుంటారు. నాలుగైదు సార్లు కలిస్తే ఔనో కాదో తేలిపోతుంది.

పెద్దాయన మనవరాలికి 22, ఇద్దరు పిల్లలు. మొగుడు కోలెల్‌లో (పెళ్ళైన మగవాళ్ళు మతగ్రంథాలు చదివే చోటు) చదువుకుంటాడు, ఈ పిల్ల కంప్యూటర్ కంపెనీలో కోడింగ్ చేసి ఇల్లు నడుపుతుంది. తెల్లారి ఆరింటికి పిల్లల్ని దించి, మధ్యాహ్నం మూడింటికి తెచ్చుకునేది. ఆ పిల్ల ముఖం ఎప్పుడు చూసినా వెలుగుతూనే ఉండేది. నిద్ర లేదన్నది మాత్రం కళ్ళకింద కనబడేది.

అనామిక77 · ఆదివారం, రాత్రి 10:32

ముఖం వెలగడం ఏంటండీ. పుట్టినప్పటినుంచి ఇదే ఆనందం అని చెప్పి పెంచితే ఎవరైనా ఆనందంగానే ఉన్నామంటారు. ఇది బ్రెయిన్‌వాష్. 22 ఏళ్ళకి ఇద్దరు పిల్లలు, మొగుడు సంపాదించడు. మన ఊళ్ళో ఇలా ఉంటే తిడతాం, అక్కడుంటే ఆధ్యాత్మికత.

రాధ_విశాఖ · సోమవారం, ఉదయం 7:05

నేను కాలేజీలో సైకాలజీ చెబుతాను. లలిత గారి ప్రశ్నలో నిజానికి రెండు ప్రశ్నలున్నాయి. "ఇప్పుడు ఎలా ఉంది" ఒకటి, "నీ జీవితం మొత్తం మీద నీకెలా అనిపిస్తోంది" ఇంకొకటి. మొదటిది ముఖంలో కనిపిస్తుంది. రెండోది అడిగితేనే తెలుస్తుంది. మా రంగంలో జీవన తృప్తి అనేది ఈ రెండోదాన్నే.

దీన్ని కొలవడానికి ఎక్కువగా వాడేది ఎడ్ డీనర్, ఆయన సహచరులు 1985లో ప్రచురించిన ఐదు వాక్యాల కొలబద్ద. ఒక్కో వాక్యానికి 1 నుంచి 7 దాకా మార్కు వేసుకోవాలి. మొత్తం 5 నుంచి 35. వాక్యాల సారం ఇది: నా జీవితం నేను కోరుకున్నదానికి దగ్గరగా ఉంది; నా పరిస్థితులు బాగున్నాయి; నా జీవితంతో తృప్తిగా ఉన్నాను; కావలసిన ముఖ్యమైనవి ఇప్పటికి దొరికాయి; మళ్ళీ బతికే అవకాశం వస్తే దాదాపు ఏమీ మార్చుకోను.

ఇక వయసు. 18 నుంచి 25 మధ్య కాలాన్ని విడి దశగా చూడాలని జెఫ్రీ ఆర్నెట్ 2000లో వాదించాడు. పిల్లా కాదు, పెద్దా కాదు. ఏ చదువు, ఏ ఊరు, ఎవరితో జీవితం, ఏదీ తేలదు. లలిత గారి అమ్మాయి "బోర్" అనేది బహుశా ఆ తేలనితనాన్నే. భక్తి గల యూదు అమ్మాయిలకి ఆ కాలంలో సగం ముందే రాసి ఉంటుంది. 18 దాకా ఉల్పనా (ఆడపిల్లల మతబడి), ఒకటో రెండో ఏళ్ళు సేవ, కొందరికి ఒక ఏడాది మిద్రాషాలో (ఆడవాళ్ళ మతవిద్యాలయం) మతగ్రంథాల అధ్యయనం, తర్వాత డిగ్రీ, ఆ మధ్యలోనే పెళ్ళి. దారి వేసి ఉన్నవాళ్ళకి నడక తేలిక. అనామిక గారు దాన్ని బ్రెయిన్‌వాష్ అంటే నేను ఒప్పుకోను, కానీ దారి అయిపోయాక ఏమవుతుందని అడిగితే మాత్రం అది మంచి ప్రశ్న.

న్యూజెర్సీ_శ్రీను · సోమవారం, ఉదయం 8:20

రాధ గారు, ఆ ఐదు వాక్యాలు ఇప్పుడే నాకు నేను వేసుకున్నా. 19 వచ్చింది. మా ఆవిడకి చూపించట్లేదు.

అనామిక77 · సోమవారం, ఉదయం 9:02

సంఖ్యలు ఉన్నాయా మేడమ్? ఈ థియరీలు ఎవరైనా చెబుతారు.

రాధ_విశాఖ · సోమవారం, మధ్యాహ్నం 1:30

ఉన్నాయి. ఇజ్రాయెల్ కేంద్ర గణాంక బ్యూరో 2002 నుంచి ఏటా సామాజిక సర్వే చేస్తోంది. అందులో "మీ జీవితంతో తృప్తిగా ఉన్నారా" అన్న ప్రశ్న ఉంటుంది. మొత్తం జనంలోనే పదిమందిలో తొమ్మిదిమంది దాకా తృప్తిగానో చాలా తృప్తిగానో ఉన్నామంటారు. యూదుల్లో హరేదీలు అందరికంటే పైన, మతం పాటించనివాళ్ళ కంటే "చాలా తృప్తి" అనేవాళ్ళు వాళ్ళలో బాగా ఎక్కువ. డబ్బు చూస్తే హరేదీలు దేశంలో పేదవర్గం. ఆదాయం, తృప్తి రెండూ వ్యతిరేక దిశల్లో ఉండటమే అందర్నీ ఆలోచింపజేసే సంగతి.

అయితే ఒక తిరకాసు. ఆ సర్వే 20 ఏళ్ళు నిండినవాళ్ళదే. లలిత గారి చిన్నమ్మాయి అందులో లెక్కకే రాదు.

ప్రపంచ సంతోష నివేదికలో కూడా 2024లో ఇజ్రాయెల్ 5వ స్థానం. 30 ఏళ్ళలోపు వాళ్ళనే తీసుకుంటే లిథువేనియా తర్వాత 2వ స్థానం. దీన్ని చూసి గంతులు వేయకూడదు. అది మూడేళ్ళ సగటు. 2023 సర్వే అక్టోబర్ 7 నాటి హమాస్ దాడి తర్వాత జరిగింది, ఆ ఏడాది మార్కు పదికి దాదాపు 0.9 పడిపోయింది. మిగతా రెండేళ్ళు దాన్ని కప్పేశాయి.

మల్కాజిగిరి_కుర్రోడు · సోమవారం, మధ్యాహ్నం 2:11

లలితక్కా, కేర్‌గివర్ వీసాకి ఏజెంట్ ఎంత తీసుకుంటున్నాడు ఇప్పుడు?

నిర్వాహకుడు · సోమవారం, మధ్యాహ్నం 2:30

తమ్ముడూ, వీసాలకి వేరే విభాగం ఉంది. ఇక్కడ వద్దు. అనామిక గారూ, మాట కాస్త నెమ్మది.

న్యూజెర్సీ_శ్రీను · సోమవారం, రాత్రి 8:45 (ఇక్కడి టైమ్)

నేను లేక్‌వుడ్ దగ్గర ఒక ఫార్మసీలో ఫార్మసిస్టుని. కస్టమర్లలో ముప్పాతికమంది ఆర్థడాక్స్ వాళ్ళే, అంటే మతనియమాలు గట్టిగా పాటించే యూదులు. ఆ ఊరి ఇరుసు బెత్ మెడ్రాష్ గోవోహా అనే పెద్ద యెషీవా (మగవాళ్ళ మతవిద్యాలయం). రబ్బీ (యూదు మతగురువు) ఆరన్ కోట్లర్ 1943లో పెట్టాడు. ఇక్కడి అమ్మాయిల టెన్షన్ అంతా ఒక్కమాటలో చెప్పొచ్చు: షిద్దుఖ్ క్రైసిస్. అంటే పెళ్ళి కుదరని అమ్మాయిలు మిగిలిపోతున్నారన్న గోల.

దీనికో లెక్క చెబుతారు, మన బడి లెక్కే. అమ్మాయిలు 19కే సంబంధాల్లోకి వస్తారు. అబ్బాయిలు ఇజ్రాయెల్ వెళ్ళి చదువుకుని 22, 23కి వస్తారు. కుటుంబానికి ఆరేడుగురు పిల్లలు కాబట్టి ఏటికేడు పుట్టేవాళ్ళు పెరుగుతూ పోతారు. ఏడాదికి 4 శాతం పెరుగుదల అనుకోండి. మూడేళ్ళ తేడా అంటే 1.04ని మూడుసార్లు హెచ్చించండి, సుమారు 1.12. అంటే 23 ఏళ్ళ అబ్బాయిలు వందమంది ఉంటే 20 ఏళ్ళ అమ్మాయిలు 112 మంది. ఎవరి తప్పూ లేదు, ఎవరి చెడ్డతనమూ లేదు, పన్నెండుమంది కుర్చీల్లేకుండా నిలబడిపోతారు. మరుసటి ఏడాది ఇంకో 112 మంది వస్తారు.

దీనికి తోడు యెషీవాలో "ఫ్రీజర్" అని ఉంది. కొత్తగా చేరిన అబ్బాయి కొన్ని నెలలపాటు సంబంధాలు చూడకూడదు. ఫ్రీజర్ తెరుచుకునే రోజు ఊళ్ళో అమ్మల ఫోన్లు ఆగవు. హసీదీల్లో (హరేదీల్లోనే ఇంకో శాఖ) అబ్బాయి అమ్మాయి ఇంచుమించు ఒకే వయసు, అందుకే వాళ్ళలో ఈ గొడవ తక్కువ. ఈ వాదన బలం అక్కడే ఉంది.

మా దగ్గర టెక్నీషియన్‌గా చేసే అమ్మాయికి 24. కౌంటర్ దగ్గర ఎప్పుడూ నవ్వుతూ ఉంటుంది. ఒకసారి స్టాక్ రూములో మందుల డబ్బాల మీద కూర్చుని తన "రెజ్యుమే" దిద్దుకుంటోంది. ఉద్యోగం మారుతోందేమో అనుకున్నా. కాదు, పెళ్ళి రెజ్యుమే. బడి, సెమినరీ, అన్నదమ్ములు ఎవరింట్లో అల్లుళ్ళు, వాకబు చేయడానికి నలుగురి నంబర్లు. "మూడేళ్ళ కింద రాసింది, వయసు దగ్గర అంకె మార్చడం మర్చిపోయా" అంది నవ్వుతూనే. 21 అని ఉంది.

స్వాతి_బోస్టన్ · మంగళవారం, ఉదయం 6:50

శ్రీను గారి చివరి పేరా చదివి కాఫీ చల్లారిపోయింది.

యూనివర్సిటీలో నా రూమ్మేట్ ఆర్థడాక్స్ అమ్మాయి. బాత్రూమ్ లైటు శుక్రవారం సాయంత్రం నుంచి వెలుగుతూనే ఉండేది. చింపడం కూడా పనే కాబట్టి టాయిలెట్ పేపర్ ముందే ముక్కలు చేసి పెట్టుకునేది. మొదట్లో నాకు పిచ్చి లేచింది. మూడో నెలకి నేను కూడా ఆ పూట ఫోన్ పక్కన పెట్టేదాన్ని. ఇరవై అయిదు గంటలు నిన్ను ఎవరూ పిలవలేరు, నువ్వు ఎవరి ఫొటోలూ చూడవు, పైగా ఎవరో ఒకరి ఇంట్లో భోజనం. పరాయి ఊళ్ళో చదివే పిల్లకి అది ఎంత పెద్ద ధీమానో నాకు తెలుసు. నా శనివారాలు మ్యాగీతో గడిచేవి.

ఇక్కడ ఒక అధ్యయనం గుర్తొస్తోంది. లిమ్, పుట్నం అని ఇద్దరు సామాజిక శాస్త్రవేత్తలు 2010లో రాశారు. భక్తిపరులకి తృప్తి ఎందుకెక్కువ అంటే, దేవుడి మీద నమ్మకం ఎంత గట్టిదన్నదాని కన్నా ప్రార్థనకి క్రమంగా వెళ్ళి అక్కడ స్నేహితుల్ని సంపాదించుకోవడం ముఖ్యమని తేల్చారు. గుడికి రోజూ వెళ్ళినా అక్కడ ఎవరూ లేనివాడికి ఆ లాభం రాదు. అమెరికా లెక్కలు, ఎక్కువమంది క్రైస్తవులే. అయినా నా రూమ్మేట్ విషయంలో అక్షరాలా నిజం.

తణుకు_లలిత · మంగళవారం, రాత్రి 10:20

స్వాతి గారు చెప్పింది చదివాక పెద్దమ్మాయి గురించి ఒకటి చెప్పాలనిపించింది.

శుక్రవారం రాత్రి భోజనానికి ముందు "ఎషెత్ ఖాయిల్" అని పాడతారు. మేం చర్చికి వెళ్ళేవాళ్ళం కాబట్టి నాకు వెంటనే తెలిసింది, మన బైబిల్లో సామెతలు 31లో "గుణవతియైన భార్య" అని ఉండేదే. ఇంటాయన భార్యవైపు చూస్తూ పాడతాడు, అందరూ కలుపుతారు. ఆ పాట మొదలవగానే పెద్దమ్మాయి వంటింట్లోకి వస్తుంది. సలాడ్ తేవడానికి, లేదంటే నీళ్ళ జగ్గుకి. జగ్గు టేబుల్ మీదే ఉంటుంది. ఆరేళ్ళలో మొదటి రెండేళ్ళు అలా రాలేదు, కూర్చుని పాడేది. నేనేమీ అనను. ఇద్దరం ఫ్రిజ్ దగ్గర నిలబడి పాట అయ్యేదాకా ఏదో ఒకటి సర్దుతాం.

సినగాగులో (యూదుల ప్రార్థనామందిరం) కూడా ఆడవాళ్ళ వైపు అంతా చంటిపిల్లల తల్లులేనట. "నా వయసు వాళ్ళు నర్సరీ గురించి మాట్లాడతారు, చిన్నవాళ్ళు సేవ గురించి మాట్లాడతారు, నేను ప్రార్థన చేసుకుంటా" అని ఒకసారి నవ్వుతూ అంది. ఆమె ఉండే కతమోన్ పేటలో ఇలాంటి పెళ్ళికాని వాళ్ళు ఎంతమందో. ఆ గుంపుకి వాళ్ళే పెట్టుకున్న పేరు "బిట్సా". అంటే ఊబి.

అన్నట్టు, మామ్మగారికి షబ్బాత్ రోజు లైటు కావాలంటే నన్ను అడగకూడదు. అడిగితే తను చేయించినట్టే. అందుకని "ఇక్కడ చీకటిగా ఉంది కదూ" అని గోడకి చెబుతుంది. నేను లేచి వేస్తాను. పెద్దమ్మాయి సంగతి కూడా ఆ ఇంట్లో ఇలాగే మాట్లాడతారు, గోడకి చెప్పినట్టు.

అనామిక77 · మంగళవారం, రాత్రి 10:55

సరే. బ్రెయిన్‌వాష్ అన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. కానీ నా పాయింట్ ఇదే కదా! దారిలో ఉన్నంతసేపే తృప్తి. 27కి పెళ్ళి కాకపోతే సొంత ఇంట్లోనే ఫ్రిజ్ పక్కన నిలబడాలి. ఇక విడాకులైతే భర్త "గెత్" (మతపరమైన విడాకుల పత్రం) ఇస్తేనే. ఇవ్వకపోతే ఏళ్ళ తరబడి కట్టుగొయ్యకి కట్టేసినట్టే. తృప్తి సర్వేలో ఇలాంటివాళ్ళు ఎంతమంది ఉంటారు? 90 శాతంలో కలిసిపోతారు.

కరీంనగర్_మల్లేశ్ · మంగళవారం, రాత్రి 11:10

ఈసారి మీతో నేనూ ఒప్పుకుంటా. ఇంకో తమాషా చెప్పనా? బెయిత్ యాకోవ్ బళ్ళని మొదలుపెట్టింది సారా షెనిరర్ అని, పోలెండ్‌లో క్రాకోవ్ నగరంలో బట్టలు కుట్టుకుని బతికిన ఆవిడ. 1917లో పాతికమంది పిల్లలతో పెట్టింది. మొదటి పెళ్ళి విడాకులతో పోయింది, పిల్లలు లేరు. అమ్మాయిలందరూ ఆవిడని అమ్మగా తలుచుకుంటారు. పెద్దాయన ఇంట్లో మనవరాలే నాకు చెప్పింది, పిల్లకి పాలు పడుతూ. ఆవిడ ఈరోజు ఉండి ఉంటే సంబంధం దొరికేది కాదని కూడా తనే అంది.

గుంటూరు_జోసెఫ్ · బుధవారం, ఉదయం 6:15

మన చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో కూడా యూదులున్నారు కదా, బెనె ఎఫ్రాయిమ్ వాళ్ళు. ఎవరూ ఆ మాటే ఎత్తరేం? అక్కడా సినగాగు ఉంది, శనివారం పాటిస్తారు.

రాధ_విశాఖ · బుధవారం, ఉదయం 7:40

జోసెఫ్ గారూ, ఉన్నారు, చిన్న సమూహం. కానీ వాళ్ళ బతుకు సమస్యలు వేరు. వాళ్ళని యూదులుగా ఇజ్రాయెల్ అధికారికంగా గుర్తించలేదు, ఇక్కడ కులం సంగతి ఉండనే ఉంది. లేక్‌వుడ్ లెక్క తెచ్చి అక్కడ అతికిస్తే అన్యాయం. వాళ్ళ గురించి విడిగా చర్చ పెట్టండి, తప్పకుండా చదువుతాను.

అనామిక గారి ప్రశ్నకి: అవును, సగటులో కలిసిపోతారు. సగటు చేసే పనే అది. అయితే ఇంకో కోణం కూడా ఉంది. ఆ అమ్మాయిలు దారి ఇరుకైతే చేతులు కట్టుకుని కూర్చోలేదు, పక్కన కొత్త దారులు వేసుకున్నారు. యెరూషలేములో మతాన్ అనే స్త్రీల విద్యాసంస్థ 1988లో మొదలైంది. తాల్ముద్ (యూదుల మతచట్ట చర్చల గ్రంథం) చదువు ఒకప్పుడు మగవాళ్ళదే, ఇప్పుడు అక్కడ ఆడవాళ్ళు కూర్చుని వాదించుకుంటారు. నిష్మత్ అనే ఇంకో సంస్థ స్త్రీలకే మతచట్ట సలహాదారులుగా శిక్షణ ఇస్తోంది. శరీరానికి సంబంధించిన ప్రశ్నలు రబ్బీని అడగలేనివాళ్ళు వాళ్ళని అడుగుతారు. అటు సైన్యంలో చేరే భక్తిగల అమ్మాయిలు కూడా గత పదిహేనేళ్ళలో బాగా పెరిగారు, రబ్బీలు చాలామంది వద్దంటున్నా.

ఇలా భార్య, తల్లి కాక ఇంకో గౌరవమైన చోటు దొరికినచోట పెళ్ళికాని 27 ఏళ్ళ మనిషి నిలదొక్కుకోగలుగుతుందని నా అభిప్రాయం. లెక్క కాదు, అభిప్రాయమే.

స్వాతి_బోస్టన్ · బుధవారం, సాయంత్రం 6:05

హరేదీ జీవితం వదిలేసి బయటికి వచ్చేవాళ్ళ సంగతి కూడా చెప్పుకోవాలి. ఇజ్రాయెల్‌లో వాళ్ళకి సాయం చేసే హిల్లెల్ అనే సంస్థ 1991 నుంచి ఉంది, న్యూయార్క్‌లో ఫుట్‌స్టెప్స్ 2003లో మొదలైంది. ఒక సంగతి చాలామందికి తెలీదు. హరేదీ బళ్ళల్లో లెక్కలు, ఇంగ్లీషు లాంటివి అబ్బాయిల కంటే అమ్మాయిలకే ఎక్కువ నేర్పుతారు, సంపాదించాల్సింది వాళ్ళే కాబట్టి. అందుకే బయటపడిన అమ్మాయికి ఉద్యోగం దొరకడం అంత కష్టం కాదు. శుక్రవారం సాయంత్రం ఎక్కడికి వెళ్ళాలన్నదే కష్టం.

నా రూమ్మేట్ వదల్లేదు. చెప్పాను కదా, ధీమా అని. కానీ డిగ్రీ చివరి ఏడాది ఒక రాత్రి ఏడ్చింది. రెజ్యుమేలో ఫొటో పెట్టమని ఎవరో అబ్బాయి తల్లి అడిగిందట. "నా చదువు గురించి ఒక్క ప్రశ్న అడగలేదు, డ్రెస్ సైజ్ అడిగింది" అంది. మర్నాడు శుక్రవారం. యథాప్రకారం సూప్ వండింది, నాకూ పోసింది.

తణుకు_లలిత · గురువారం, రాత్రి 9:15

యుద్ధం మాట ఎవరైనా ఎత్తుతారేమోనని చూస్తున్నా. ఈ అల్లిక టోపీ ఇళ్ళల్లోంచి పోయిన కుర్రాళ్ళు చాలామంది. మా వీధిలోనే 23 ఏళ్ళ పిల్ల, ఆర్నెల్ల బిడ్డ, మొగుడు రిజర్వు డ్యూటీ అని నెలల తరబడి లేడు. చుట్టుపక్కల ఆడవాళ్ళు వంతులేసుకుని వండి పంపారు, నేను కూడా ఒకసారి పప్పుచారు చేసి ఇచ్చా, కారం తగ్గించి. ఎలా ఉన్నావని ఎవరడిగినా "బరూఖ్ హషేమ్" అనే చెప్పేది. ఆ మాట అప్పుడు నాకు వేరేగా వినబడింది. జవాబు కాదది, పట్టుకోవడానికి దొరికిన కమ్మీలాంటిది.

చిన్నది పిల్లల వార్డులో సైరన్ మోగితే మంచాలు తోసుకుంటూ షెల్టర్‌కి వెళ్తుంది. నెలకి వచ్చేది చేతిఖర్చుకి చాలీచాలని డబ్బు. నలుగురు ఆడపిల్లలు ఒక ఫ్లాట్‌లో. అయినా ఇంటికొస్తే మాట ఆపదు, ఏ పిల్లాడు ఏమన్నాడో చెబుతూనే ఉంటుంది.

న్యూజెర్సీ_శ్రీను · గురువారం, సాయంత్రం 4:40 (ఇక్కడి టైమ్)

లలిత గారూ, రాధ గారి ఐదు వాక్యాలు ఆ ఇద్దరినీ అడిగి చూడకూడదూ? మనం ఇక్కడ ఎంత వాదించుకున్నా వాళ్ళు చెప్పింది వేరు.

రాధ_విశాఖ · శుక్రవారం, ఉదయం 6:30

అడగండి గానీ, ఇద్దరూ ఒక గదిలో ఉన్నప్పుడు వద్దు. ఒకరి ముందు ఒకరు మార్కులు వేసుకుంటే లెక్క చెడుతుంది.

తణుకు_లలిత · ఆదివారం, మధ్యాహ్నం 12:50

మేడమ్, క్షమించాలి. ఒకే గదిలో అడగాల్సి వచ్చింది.

శనివారం రాయకూడదు కాబట్టి చీకటిపడి షబ్బాత్ పోయిందాకా ఆగాను. వంటింటి బల్ల దగ్గర ఇద్దరూ గిన్నెలు తుడుస్తున్నారు. ఒక కాగితం మీద వాక్యాలు నాకొచ్చిన హీబ్రూలో చెబుతుంటే చిన్నదే సరిచేసి రాసింది. నా హీబ్రూకి ఇద్దరూ పది నిమిషాలు నవ్వారు.

చిన్నది గబగబా వేసింది. 7, 6, 7, 6. ఐదోదాని దగ్గర ఆగింది. "మళ్ళీ బతకడమేంటి? ఇంకా మొదలే పెట్టలేదు కదా" అని ఖాళీ వదిలేసింది. ఎంత చెప్పినా వేయలేదు.

పెద్దది తుడుస్తున్న పళ్ళెం పక్కన పెట్టి కూర్చుని వేసింది. 5, 5, 6, 5. మూడోదానికి, తృప్తిగా ఉన్నానన్నదానికి, 6 వేసిందని నేను కాస్త ఆశ్చర్యపోయా. అది గమనించి, "పొద్దున్న ఒక తాతగారు ఆపరేషన్ తర్వాత మొదటిసారి నా చెయ్యి పట్టుకుని మెట్లెక్కుతాడు, నీకు తెలీదు అదెలా ఉంటుందో" అంది. ఐదోదానికి చాలాసేపు పట్టింది. 3 వేసింది. ఏం మార్చుకుంటావని నేను అడగలేదు. మొత్తం 24.

అంతలో మామ్మగారు వాకర్‌తో వచ్చింది. ఏంటి ఏంటని అడిగి, కాగితం లాక్కుని, కళ్ళజోడు పెట్టుకుని మొత్తం చదివింది. పెన్ను తీసుకుని పెద్దదాని 3 కొట్టేసి 7 వేసింది. "ఇది పిల్లకి తెలీదు, నాకు తెలుసు" అని కాగితం వెనక్కి ఇచ్చేసింది. పెద్దది ముందు నవ్వింది, తర్వాత మామ్మగారి భుజం మీద తల పెట్టుకుని కాసేపు అలాగే ఉండిపోయింది. చిన్నది మాట్లాడలేదు, అది జరగడం ఇదే మొదటిసారి.

రాధ_విశాఖ · ఆదివారం, సాయంత్రం 5:20

డేటాగా అయితే అది దేనికీ పనికిరాదు లలిత గారూ. కానీ ఆ కాగితం పారేయకండి, ఒక ఫొటో తీసి దాచుకోండి.

తణుకు_లలిత · ఆదివారం, రాత్రి 10:05

అయ్యో మేడమ్. పొద్దున్న ఆరింటి బస్సుకి వెళ్తూ చిన్నది దాని వెనకాలే సామాన్ల లిస్టు రాసుకుని పట్టుకెళ్ళిపోయింది.